అన్నాచెల్లెళ్ల పడవ

వేలాండి జన్మలో ఒక్కసారే నలుగురి ముందు నోరు విప్పాడు. ఆ ఒక్కసారీ విప్పకుండా ఉండాల్సిందని తర్వాత ఆయన అనుకోని రోజు లేదు.

కేరళలో కళ్లికోటకు దక్షిణంగా, చాలియార్ నది సముద్రంలో కలిసే చోట, బేపూరు రేవులో ఆయన ఓడ వడ్రంగి. అరబ్బు దేశాల వాళ్లు చేయించుకునే పెద్ద పెద్ద కొయ్య ఓడలకు పక్కటెముకలు నిలబెట్టడం ఆయన పని. తండ్రి, తాత, ముత్తాత అందరూ ఆశారులే, కొయ్యపని కులంవాళ్లే. అందరూ ఆ ఇసుకలోనే బాడిశ పట్టి, ఆ ఇసుకలోనే ముసలివాళ్లయ్యారు. వేలాండి మనిషి సన్నం, మాట అంతకన్నా సన్నం. రేవులో కొత్తగా చేరిన కూలీలు ఆయన్ని మూగవాడేమో అనుకునేవారు. ఆయన వంతు మాటలు కూడా బీరాన్ మాట్లాడేవాడు.

బీరాన్ ఖలాసీల మేస్త్రీ. కట్టడం పూర్తయిన ఓడను దుంగల మీద దొర్లించి నీళ్లలోకి దించేది ఖలాసీలు. వాళ్లంతా మాప్పిళలు, ముస్లింలు. కట్టేది ఆశారి, దించేది ఖలాసీ. ఒకరి చెయ్యి ఆగితే రెండోవారికి పని లేదు. బీరాన్ వేలాండి కన్నా కాస్త పెద్ద. దున్నపోతు భుజాలు, అవతలి ఒడ్డుకు వినపడే గొంతు. వేలాండి ఆయన్ని మర్యాదగా బీరాన్‌కా అని పిలిచేవాడు. ఆయన మాత్రం వేలాండిని తిన్నగా పిలిచిన పాపాన పోలేదు. ఏమోయ్ చెదపురుగూ అనేవాడు, కొయ్య తప్ప నీకింకేం రుచిస్తుందిరా అనేవాడు. మధ్యాహ్నం గంజి వేళకు ఇద్దరూ ఒకే దుంగ మీద కూర్చునేవారు. బీరాన్ భార్య బీయాత్తు పంపిన చేపల పులుసు వేలాండికీ, వేలాండి భార్య దేవు పెట్టిన మామిడికాయ ఊరగాయ బీరాన్‌కూ వెళ్లేవి.

వానలు వెనకబట్టి, పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లే ముందు వచ్చే గురువారం వాళ్లిద్దరికీ పండుగ. ఆ రోజుకు వేలాండి రెండు చేతుల పొడవున ఒక బుల్లి ఓడను చెక్కి ఉంచేవాడు. తెరచాప కొయ్యతో సహా అన్నీ ఉండాలి, ఒక్క ఇనుప మేకు కూడా ఉండకూడదు. అది తంగళ్ పడవ. ఎన్ని తరాలుగా ఆ ఇంటి ఆశారి దాన్ని చెక్కుతున్నాడో ఎవరికీ తెలియదు. కథ మాత్రం రేవులో పసిపిల్లకు కూడా తెలుసు. తంగళ్ అనే ముస్లిం మహాత్ముడు అరబ్బు దేశం నుంచి వస్తూ ఉంటే ఆయన ఓడ బయటి బండలకు కొట్టుకుని పగిలింది. ఒక్క పలక తేలింది. ఒక కొసను తంగళ్ పట్టుకున్నాడు, రెండో కొసను ఎవరి బిడ్డో తెలియని ఆడపిల్ల. ఇద్దరినీ ఒడ్డుకు లాగింది ఒక ఆశారి. తంగళ్ ఒడ్డునే ఉండిపోయి అక్కడే పోయాడు, అక్కడే దర్గా కట్టారు. ఆయన చెల్లీ అని పిలిచిన పిల్ల కొబ్బరితోపు వెనక కావులో, అమ్మవారి చెట్లగుంపులో, భగవతిగా నిలిచింది.

అందుకని పడవ వేలాండి ఇంటి నుంచి బయలుదేరి, ఖలాసీల భుజాల మీద, ఓడలు దించేటప్పుడు పాడే పాట పాడుకుంటూ ముందు కావుకు వెళ్లేది. అన్న పంపిన ఖర్జూరాలు, కొత్త బట్ట అక్కడ దించేవారు. చెల్లెలు ఇచ్చిన పసుపు, దీపానికి నూనె ఎక్కించుకునేవారు. సందె వేళకు దర్గా చేరేవారు. ఆ నూనెతో దీపం వెలిగాక, బెల్లం అన్నంలో మొదటి ముద్ద ఆశారి చేతిలో పెట్టాలి. ప్రతి ఏడూ బీరాన్ ఆ ముద్ద పెడుతూ, పడవ ఒక పక్కకు ఒరిగింది చూసుకున్నావా, తంగళ్‌ను మళ్లీ ముంచేస్తావు అనేవాడు. పడవ తిన్నగానే ఉంది, నీ భుజాలే వంకర అని వేలాండి జవాబు. ఏడాది మొత్తంలో ఆయన చేసే పరిహాసం అదొక్కటే.

దీన్ని చూడటానికి ఒక ఏడు కళ్లికోట నుంచి ప్రీజ టీచర్ వచ్చింది. కాలేజీలో చరిత్ర చెబుతుంది, మతాల మధ్య సంభాషణ కోసం ఒక వేదిక నడుపుతుంది. మంచి మనిషి. వానలో తడుస్తూ ఊరేగింపు వెంట చివరిదాకా నడిచింది, దర్గా మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. మన ఊరు ఏమిటో ప్రపంచానికి తెలియాలి, మీరిద్దరూ సభకు రావాలి అని పట్టుబట్టింది. వేలాండి రానన్నాడు. బీరాన్ ఆయన వైపు తిరిగి, చచ్చేలోపు ఒక్కసారైనా కుర్చీలో కూర్చుందాంరా, దుంగల మీద కూర్చుని కూర్చుని అరిగిపోయాం అన్నాడు.

సభ పెద్ద హాల్లో జరిగింది. లోపల చలి. వేదిక మీద ఒక స్వామీజీ, ఒక మౌలవి, ఒక చర్చి ఫాదర్, కొసన వీళ్లిద్దరూ. వేలకొద్దీ ఏళ్లుగా అరబ్బులు, చీనావాళ్లు, యూదులు, గుజరాతీలు వచ్చిపోయిన రేవు మనది, అందరినీ కడుపులో పెట్టుకున్న ఊరు మనది అని అందరూ చెప్పారు. నదులన్నీ ఒకే సముద్రంలో కలుస్తాయని స్వామీజీ అన్నాడు. బీరాన్ వేలాండి చెవిలో, పడవలు బోల్తా పడేది కూడా కలిసే చోటే అని గొణిగాడు. వేలాండి నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

తర్వాత ప్రీజ టీచర్ వేలాండి ముందు మైకు పెట్టి, తంగళ్ గొప్పా, భగవతి గొప్పా అనే మాట మీ మధ్య ఎప్పుడైనా వచ్చిందా అని అడిగింది.

"దేవుళ్ల సంగతి నాకు తెలీదు టీచర్. వాళ్లిద్దరూ ఒకే పలక పట్టుకుని బతికారు. ఒకరు వదిలేస్తే పలక తిరగబడి రెండోవాళ్లూ మునిగేవాళ్లే. అన్నాచెల్లెళ్లు. అంతే."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ చప్పట్ల ఊపులో బీరాన్ మైకు తన వైపు లాక్కుని, "మాకు చిన్నప్పుడు ఒళ్లు కాలితే మా అమ్మ ముందు కావుకే పరిగెత్తించేది, మేనత్త దగ్గర పసుపు తీసుకురారా అని" అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఫాదర్ లేచి వచ్చి ఇద్దరినీ కావలించుకున్నాడు. బయట బిర్యానీ తిని, బస్సెక్కి ఇంటికి వచ్చారు.

ఆ రెండు మాటలూ వీడియోగా ఫోన్లలోకి ఎక్కాయి. మొదట పొగడ్తలే. తర్వాత ఎవరో వాటిని ముక్కలుగా కోసి, కింద రాతలు తగిలించి తిప్పడం మొదలుపెట్టారు. ఒక ముక్కలో బీరాన్ మొహం, విగ్రహానికి మొక్కే ముసలాడు అని. ఇంకో ముక్కలో వేలాండి మొహం, అమ్మవారిని తురకకు చెల్లెల్ని చేసినవాడు అని. అంతకుముందు ఆ కథ తెలిసినవాళ్లు దాన్ని నమ్మాలా వద్దా అని ఎవరినీ అడగలేదు. గాలి వీచినట్టు, ఆటుపోటు వచ్చినట్టు అది జరిగిపోయేది. ఇప్పుడు ఎవరో ఒకరు అడిగారు. అడిగాక జవాబు చెప్పాల్సి వచ్చింది.

మసీదు కమిటీ బీరాన్‌ను పిలిపించింది. అందులో ఆయన కొడుకు జంషీర్ కూడా ఉన్నాడు. జంషీర్ కూతురికి అప్పుడే ఒక సంబంధం కుదిరేలా ఉంది. పిల్లాడి తరఫువాళ్లు గట్టి నిష్ఠగలవాళ్లు. ఆ తాతగారేనా ఈయన అని ఒకసారి కబురు చేసి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే జంషీర్‌కు నిద్ర లేకుండా చేసింది. శుక్రవారం నమాజు అయ్యాక బీరాన్ అందరి ముందూ నిలబడి, నేను కూలివాణ్ని, బరువు మొయ్యమంటే మోశాను, ఆ అన్నాచెల్లెళ్ల కట్టుకథ ఆశారిది, నాకు దానితో సంబంధం లేదు, అల్లా నన్ను క్షమించాలి అన్నాడట. ఆ గొంతు రెండో వరుస వాళ్లకు కూడా సరిగా వినపడలేదట.

వేలాండికి ఆ సంగతి రేవులో తెలిసింది. చెప్పినవాడు ఆయన మొహం చూసి మధ్యలో ఆపేశాడు. ఆయన కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఎందుకంటే ఆ వారంలోనే కావు కమిటీ ముందు ఆయన వంతూ అయిపోయింది.

కావు ఇదివరకు చెట్ల మధ్య ఒక రాయి, ఒక దీపం, చుట్టూ గచ్చు. నాలుగేళ్ల నాడు సుధాకరన్ అనే కాంట్రాక్టరు అధ్యక్షుడై రాగి రేకు కప్పు వేయించాడు, గోడ కట్టించాడు. ఆ కప్పు కింది కొయ్య పనంతా వేలాండి కొడుకు శినోజ్ చేశాడు. ఇంకా గోపురం తలుపుల పని ఉంది. వీడియో వచ్చాక కమిటీ ఒక పెద్ద జ్యోతిష్కుణ్ని పిలిచి, అమ్మవారి మనసు తెలుసుకోవడానికి ప్రశ్న పెట్టించింది. గవ్వలు తిప్పి ఆయన తేల్చింది ఏమిటంటే, అమ్మవారు ఉత్తరాన అడవి నుంచి వచ్చింది, సముద్రం నుంచి కాదు. ఆమెకు తోబుట్టువులు లేరు. గోరీ నుంచి వచ్చే వస్తువుల వల్ల ఆమె చాలాకాలంగా నొచ్చుకుని ఉంది.

వేలాండి చొక్కా విప్పి, కండువా నడుముకు చుట్టి, గచ్చు దిగువన నేల మీద నిలబడ్డాడు. సుధాకరన్ మర్యాదగానే మాట్లాడాడు.

"ఆశారీ, నిన్నెవరూ తప్పుపట్టడం లేదు. వాళ్లు ముందు నుంచీ బలవంతం చేసి చేయించారని ఒక్క మాట అను. శుద్ధి చేయించి ఊరుకుంటాం."

వేలాండి కొడుకు వైపు చూశాడు. శినోజ్ నేల చూస్తున్నాడు.

"బలవంతం అంటే..." అని వేలాండి ఆగాడు.

"అవునా, కాదా?"

"అవును" అన్నాడు వేలాండి.

అది పచ్చి అబద్ధమని అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసినందుకే ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. తీర్థం ఇచ్చి పంపారు.

తర్వాత కొన్నాళ్లు వాళ్లిద్దరూ దుంగ మీద చెరో మూలకు కూర్చుని గంజి తాగారు. ఆపైన బీరాన్ మధ్యాహ్నాలు ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. చివరికి ఒక సాయంత్రం వంతెన దగ్గర టీ కొట్లో ఎదురుపడ్డారు. కొట్టువాడు అడక్కుండానే రెండు సులైమానీలు, పాలు లేని టీ, వాళ్ల ముందు పెట్టాడు.

"నువ్వేమన్నావో నాకు చెప్పార్రా" అన్నాడు బీరాన్.

"నువ్వన్నదీ నాకు చెప్పారు."

"మనవరాలి పెళ్లి, వేలాండీ." ఆయన తన పేరును తిన్నగా పిలవగా వేలాండి వినడం అదే మొదటిసారి.

"నా కొడుకు పని, బీరాన్‌కా."

బీరాన్ గ్లాసు చుట్టూ రెండు చేతులూ చుట్టాడు. "మనల్ని ఎవరైనా కొట్టి ఉంటే బాగుండేది. ఎవడూ చెయ్యి కూడా ఎత్తలేదు కదరా" అన్నాడు. టీ తాగకుండానే లేచి వెళ్లాడు. వాళ్లిద్దరి మధ్యా అదే చివరి మాట.

వానలు వచ్చాయి. వేలాండి ఇంటి వెనక చావిట్లో కూర్చుని పడవ చెక్కడం మొదలుపెట్టాడు. ఎవరికోసం అని దేవు అడిగింది. చెయ్యి ఊరుకోవడం లేదన్నాడు. నిజానికి ఆయనకు ఒక ఆశ ఉంది. గురువారం వస్తే, పడవ కళ్లెదుట ఉంటే, ఖలాసీల కాళ్లు వాటంతటవే నడుస్తాయేమో అనుకున్నాడు. మనుషులు మాట మారుస్తారు గాని అలవాటు అంత సులువుగా మారదు కదా. పక్కటెముకలు నిలబెట్టాడు, పలకల సందుల్లో నూనెలో తడిపిన దూది కూరాడు, పసుపురంగు బట్ట తెరచాప కట్టాడు.

గురువారానికి ముందే పోలీసులు వచ్చారు. వాళ్లూ మంచిగానే చెప్పారు. రెండు వైపుల నుంచీ అర్జీలు వచ్చాయి, ఊరేగింపు వద్దు, ఊరు ప్రశాంతంగా ఉంటే అందరికీ మంచిది. వాళ్ల వెనకే ప్రీజ టీచర్ వచ్చింది. ఆమె చిక్కిపోయింది, ఆమె మీద కూడా ఫోన్లలో ఏమేమో రాశారు. అయినా ఆశ వదల్లేదు. రెండు కమిటీలనూ ఒక చోట కూర్చోబెడతాను, మళ్లీ సంభాషణ మొదలుపెడదాం, మీరొక్కసారి వచ్చి మాట్లాడండి అంది.

వేలాండి చేతులు జోడించాడు. "నన్ను ఇంక మాట్లాడించకండి టీచర్. మాట్లాడక ముందు బాగానే ఉండేది."

దేవు లోపల నుంచి కొబ్బరినీళ్లు తెచ్చి ఇస్తే టీచర్ తాగకుండా చేత్తో పట్టుకుని అరుగు మీదే కూర్చుంది.

గురువారం నాడు వేలాండి ఉతికిన పంచె కట్టుకుని, పడవను అరుగు మీద పెట్టి, ఉదయం నుంచి కూర్చున్నాడు. ఖలాసీలు ఆ దారినే రేవుకు వెళ్లారు. కొందరు తల వంచుకుని పోయారు, కొందరు వేలాండన్నా, వాన తగ్గిందే అని పలకరించి పోయారు. పడవ వైపు ఎవరూ చూడలేదు. సందె చీకటికి కావులో మైకు పెట్టి పాటలు వేశారు, దర్గా దగ్గర దీపం బదులు కరెంటు బల్బు వెలిగింది. దేవు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, లోపలికి వచ్చి పడుకున్నాడు.

మర్నాడు పడవలు సముద్రంలోకి వెళ్లాయి. వేలాండి ఒడ్డున నిలబడి చూశాడు. తనలో తాను ఏదో కీడు జరగాలని కోరుకుంటున్నట్టు ఆయనకు తెలిసింది. ఒక వల తెగినా, ఒక తెడ్డు విరిగినా, అన్నో చెల్లెలో అలిగారని నలుగురూ అనుకునేవారు. ఏమీ జరగలేదు. పడవలన్నీ తిరిగొచ్చాయి. ఆ ఏడు మత్తి చేప పడ్డట్టు పదేళ్లలో పడలేదు. రేవు వీధుల్లో ఏ ఇంటి ముందు చూసినా వెండిరాశులే. కావు వాళ్లు శుద్ధి ఫలం అన్నారు, దర్గా వాళ్లు తౌబా చేసి పశ్చాత్తాపపడ్డ ఫలం అన్నారు. బీరాన్ మనవరాలి పెళ్లి జరిగింది, శినోజ్‌కు గోపురం తలుపుల పని వచ్చింది. ఎవరికీ ఏ లోటూ రాలేదు. ఇన్ని తరాలు తన వంశం చెక్కిన పడవ లేకపోతే ఆగేది ఏదీ లేదని వేలాండికి ఆ నెలలో అర్థమైంది. ఒకరోజు పెద్ద ఓడ పలకలు వంచడానికి రేవులో మంట వేస్తూ ఉంటే, ఇంటి నుంచి ఆ బుల్లి ఓడను తెచ్చి మంటలో పెట్టాడు. దూదిలో నూనె ఉంది కాబట్టి త్వరగానే అంటుకుంది.

బీరాన్ చలికాలం మొదట్లో పోయాడు. గుండె నొప్పి, ఆసుపత్రికి చేరేలోపే. వేలాండికి ఖలాసీలలో ఒకడు వచ్చి చెప్పాడు. వెళ్లాడు. ఆ ఇంటి గడప ఆయనకు కొత్త కాదు, కిటికీ చట్రాలు ఆయన చేతివే. జంషీర్ ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, నీళ్లు ఇచ్చాడు. చివరి చూపు కోసం లోపలికి తీసుకెళ్లి తెల్లగుడ్డ పక్కకు జరిపాడు. ఎవరూ పొమ్మనలేదు, వద్దనలేదు. కొత్తగా వచ్చిన ఒక పెద్ద అధికారిని చూసినంత మర్యాదగా చూశారు. బీయాత్తు లోపలి గదిలో ఉంది. మొగుడు పోయిన ఆడది గడువు తీరేదాకా పరాయి మగవాడి ఎదుట పడకూడదు. ఇన్నేళ్లూ తన కంచంలో పులుసు వడ్డించిన ఆవిడకు ఇవాళ తను పరాయి మగవాడు.

శవాన్ని లేపేటప్పుడు ఖలాసీలు పాట పాడరు, అల్లా పేరే పలుకుతారు. వేలాండి వీధి మలుపు దాకా వెనక నడిచాడు. అక్కడ నుంచి శ్మశానం గోడ మొదలవుతుంది. తను ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు, ఆయనే ఆగిపోయాడు. అందరూ ముందుకు వెళ్లిపోయాక తిరిగి వచ్చాడు.

బీయాత్తు గడువు తీరాక దేవు చూసి రావడానికి వెళ్లింది. మధ్యాహ్నానికి వచ్చింది. వేలాండి గంజి ముందు కూర్చుని ఉన్నాడు. ఇల్లు అమ్మేస్తున్నారట, జంషీర్ ఫరోక్ ఊరికి అవతల కట్టిన కొత్త ఇంటికి అందరూ వెళ్లిపోతారట అని దేవు చెప్పింది. బీయాత్తు సగమైపోయిందని చెప్పింది. తమ కూతుళ్ల, కోడలి, అందరి క్షేమం అడిగిందని చెప్పింది.

"బీరాన్‌కా ఏమైనా అనేవాడటా? నా గురించి?" అని అడిగాడు వేలాండి.

దేవుకు అబద్ధం చేతకాదు. పెళ్లయినప్పటి నుంచి ఆయనకు అది తెలుసు.

"అడిగాను. టీ కొట్టు నుంచి వచ్చిన రోజు తర్వాత నీ పేరు ఎత్తలేదట. ఎవరైనా ఎత్తినా లేచి వెళ్లిపోయేవాడట."

వేలాండి తలూపాడు. గంజిలో ఉప్పు సరిపోలేదేమో, ఇంకొంచెం కలుపుకున్నాడు. తాగడం అయ్యాక గిన్నె కడిగి బోర్లించి, బాడిశ చంకలో పెట్టుకుని రేవుకు బయలుదేరాడు. అక్కడ ఖతర్ వాళ్ల ఓడకు ఇంకా ఎడమ పక్క పలకలు ఎక్కించాల్సి ఉంది.